ఇరవై లెక్కపెట్టాక

ఆ ఇంట్లో కూరలో ఉప్పు చూసే పని మూడేళ్ళుగా కోడలిది. వండేది మాత్రం అత్తగారే. మోకాళ్ళ నొప్పికి ఒక చేత్తో గట్టు పట్టుకొని, కూర దించే ముందు గరిటెలో ఒక చుక్క తీసి, దానిని తన పెదవుల దాకా తెచ్చి, అక్కడే ఆగి, "అమ్మాయ్, ఇలా వచ్చి ఇది చూసి చెప్పు," అని పిలిచేది. కోడలు తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, చూసి, "సరిపోయింది అత్తయ్యా," అనేది. "సరిపోయిందా, నా ముఖం చూసి సరిపోయిందంటున్నావా?" అని ముసలావిడ రెట్టించేది.

దాదాపు నలభై ఏళ్ళు ఒక పెద్ద బిస్కత్తుల కర్మాగారంలో ఏ సరుకు గడప దాటాలో, ఏది దాటకూడదో తన నాలుకతో తేల్చిన మనిషి ఆమె. అటువంటి మనిషి తన ఇంటి కూరలో ఉప్పును తాను నమ్మలేని స్థితికి రావడానికి కారకురాలు ఆమె తోడబుట్టిన చెల్లెలు. ఆ చెల్లెలు మూడు ఆహార సంస్థలను నడిపిన స్త్రీ. ఇక్కడ చెప్పబోయేది ఆ చెల్లెలి జీవితమే అయినా, అక్కను పక్కన పెట్టి ఆ జీవితాన్ని చెప్పడం సాధ్యం కాదు.

చెల్లెలు పుట్టిన వారానికే తల్లి కన్నుమూసింది. తండ్రి పిండి బస్తాలు మోసేవాడు. పొద్దంతా మోసి, ఇంటికి వచ్చి దగ్గేవాడు. అక్కకు అప్పటికి పదకొండేళ్ళు. పదహారు నిండగానే ఆమె బిస్కత్తుల కర్మాగారంలో ప్యాకింగు వరుసలో చేరింది. ఇంట్లో వదిలిపెట్టడానికి పెద్దదిక్కు లేక ఐదేళ్ళ చెల్లెలిని వెంట తీసుకుపోయేది. విరిగిన బిస్కత్తులను పోగుపోసే గదిలో, కిటికీ కింద బోర్లించిన రేకు డబ్బా మీద ఆ పిల్ల పొద్దస్తమానం కూర్చునేది. ప్యాకింగు ఆడవాళ్ళు వస్తూ పోతూ, "ఏమే పొట్లం, ఇవాళ ఎన్ని మింగావు?" అని బుగ్గ గిల్లేవారు. పిల్ల చెయ్యి వెనక్కి దాచుకొని, "ఒకటే," అనేది. "ఒకటి మింగిన బుగ్గలేనా ఇవి?" అని వాళ్ళు నవ్వుకునేవారు. తరువాతి కాలంలో లోకమంతా ఆమెను మేడం అని పిలిచినా, అక్క నోట మాత్రం పొట్లం అన్న పేరే నిలిచిపోయింది.

అక్క బిస్కత్తు ముక్క చేతికిచ్చి ఊరుకునే మనిషి కాదు. పిల్ల నములుతుంటే ఎదురుగా గొంతుక్కూర్చొని, "ఎలా ఉంది?" అని అడిగేది.

"బాగుంది."

"బాగుంది అని బజార్లో కొనుక్కునేవాళ్ళు కూడా అంటారే. ఎలా ఉంది?"

"తియ్యగా ఉంది."

"తరవాత?"

"తరవాత ఏముంటుంది? అయిపోయిందిగా."

"అయిపోలేదే మొద్దూ. మింగాక ఇరవై లెక్కపెట్టు. నూనె పాడైతే నోట్లో ఉన్నంతసేపూ తెలియదు. మింగాక గొంతు వెనకనించి వస్తుంది, దొంగపిల్లిలాగా."

పిల్ల వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. పదిహేడు దగ్గర ముఖం చిట్లించి, "పాత పెట్టె మూత తీసినట్టుందక్కా," అన్నది. అక్క ముఖం దీపం వెలిగించినట్లయింది. "దాన్నే కనరు అంటారు. ఇక నువ్వు బతికిపోయావు పో!" అని పిల్లను ఎత్తి గిర్రున తిప్పింది. తన బతుకులో తొలి పరీక్ష అదేనని చెల్లెలు తరువాత చాలా సభలలో చెప్పుకొన్నది.

తండ్రి పోయిన ఏడాది అక్క ఓవెను దగ్గరి పని అడిగి వేయించుకుంది. అక్కడ వేడికి ఎవరూ నిలవరు గనుక జీతం కాస్త హెచ్చు. చెల్లెలి బడి ఫీజు ఆ హెచ్చులో నుంచే వచ్చింది. మోచేతి దిగువన రేకులు తగిలి కాలిన మచ్చలు ఒకదాని కింద ఒకటి మెట్లలాగా ఏర్పడ్డాయి. చెల్లెలు వాటి మీద వేలు పెట్టి, "ఇది ఐదో తరగతి, ఇది ఆరు, ఇది ఏడు," అని ఎక్కుతూ పోయేది. "పదో తరగతికి చోటు ఉంచవే, చెయ్యి అయిపోతోంది," అని అక్క నవ్వేది. మధ్యలో అక్కకు పెళ్ళయింది, ఒక కొడుకు పుట్టాడు, భర్త పోయాడు. ఓవెను మాత్రం ఆమెను వదలలేదు.

పందొమ్మిదో ఏట చెల్లెలు అదే కర్మాగారంలో నమూనాల గదిలో గుమాస్తాగా కుదిరింది. తయారైన ప్రతి బ్యాచి నుండి రెండు పొట్లాలు తెచ్చి, తేదీ రాసి, అరలలో పేర్చడం ఆమె పని. రుచి చూడడం ఆ పనిలో భాగం కాదు. అయినా చూసేది. ఒకనాడు కొత్తగా వచ్చిన పాలపొడితో చేసిన బ్యాచిలో ఇరవై లెక్కపెట్టేలోగా తడిగుడ్డ వాసన తగిలింది. మేనేజరు వద్దంటున్నా వినక, పరుగున పోయి ఓవెను దగ్గర నిలబడి, అక్క చేత వరుస ఆపించింది. కబురు ముసలి యజమానికి చేరింది. ఆయన స్వయంగా కిందికి దిగి వచ్చాడు.

"ఎవరమ్మా నువ్వు? నా ఓవెను ఆపించావట?"

"నమూనాల గది గుమాస్తానండీ."

"చదువు?"

"బి.కామ్. ఇంటి దగ్గరే ఉండి చదువుతున్నానండీ."

"అది బుర్ర చదువు. నాలుక ఎక్కడ చదివింది?"

"మా అక్క దగ్గరండీ."

యజమాని పాలపొడి సంచీ విప్పించాడు. అడుగున చెమ్మ పట్టి గడ్డకట్టి ఉన్నది. ఆ వారంలోనే ఆయన ఒక పద్ధతి ఏర్పాటు చేశాడు. రోజూ పది గంటలకు ఆరుగురు ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. అంకె మాత్రమే వేసిన పళ్ళెంలో ఆనాటి సరుకు వస్తుంది. గోరువెచ్చని నీటితో నోరు పుక్కిలించి, ముక్క నమిలి మింగి, ఇరవై లెక్కపెట్టి, పదికి ఎన్ని మార్కులో చీటీ మీద రాసి బోర్లించాలి. అందరూ రాశాక చీటీలు ఒక్కసారే తిప్పాలి. అంతవరకు నోరు మెదపరాదు. ఆరు కుర్చీలలో ఒకటి అక్కకు, ఒకటి చెల్లెలికి దక్కాయి.

అక్కడి నుండి చెల్లెలి ఎదుగుదల చూసినవారు ముక్కున వేలేసుకున్నారు. ముప్పయ్యో ఏట నాణ్యత విభాగానికి అధిపతి, ముప్పై ఆరుకు కర్మాగారానికి మేనేజరు, నలభై ఐదుకు కంపెనీకే మేనేజింగ్ డైరెక్టరు. పెళ్ళి ఊసెత్తినవారితో, "చేసుకుంటే రోజూ ఆయన వంటకు కూడా మార్కులు వేయాల్సొస్తుంది, కాపురం నిలవదు," అని తప్పించుకునేది. యాభై దాటాక ఒక పెద్ద పాల కంపెనీ ఆమెను పిలిచి అధ్యక్షపీఠం మీద కూర్చోబెట్టింది. పెద్ద చదువుల డైరెక్టర్లు లెక్కల పటాలు చూపిస్తుంటే ఆమె ఒక్క గుక్క తాగి, కళ్ళు మూసుకొని, "ఈ ఆవులకు మేత మార్చారు," అనేది. విచారిస్తే నిజమయ్యేది. పత్రికలు ఆ నాలుకను గురించి రాశాయి. ఆమె అధికారానికి పునాది ఆ నాలుకే తప్ప వేరొకటి లేదని ఆమెకు తెలుసు, ఎదుటివారికీ తెలుసు.

యాభై నాలుగో ఏట, పాల కంపెనీలో ఉండగా, పది రోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గిన మరునాడు కాఫీ కప్పు ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే వేడి తగిలింది, వాసన తగలలేదు. సబ్బు, అగ్గిపుల్ల, ఉల్లిపాయ, చివరకు కిరసనాయిలు వాసన చూసింది. అన్నీ గోడ వాసన చూసినట్టే ఉన్నాయి. నాలుక మీద ఉప్పు ఉప్పుగానే, తీపి తీపిగానే ఉన్నాయి కాని, వాటి వెనక రావలసినది రావడం లేదు. ఇరవై కాదు, వంద లెక్కపెట్టినా రాలేదు.

ముక్కు డాక్టరు లైటు వేసి చూసి, "తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. మీ ఉద్యోగానికి దీంతో ఇబ్బంది లేదు కదా?" అని అడిగాడు.

"లేదండీ. నాది ఆఫీసు పని," అన్నది ఆమె.

ఆ విషయంలో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. దానిని నిలబెట్టడానికి ఆమె ఒక కొత్త విద్య నేర్చుకోవలసి వచ్చింది. రుచి చూసే బల్ల దగ్గర తాను నములుతూ ఇతరుల ముఖాలను చదవడం మొదలుపెట్టింది. ఒకడి ముక్కుపుట అదిరితే నాలుగు మార్కులు, మరొకడు రెండో ముక్కకు చెయ్యి చాస్తే ఎనిమిది. ఎవరికీ అనుమానం రాలేదు. మూడేళ్ళ తరువాత ఒక పెద్ద సంస్థ పాల కంపెనీని, బిస్కత్తుల కంపెనీని, ఒక నూనెల కంపెనీని కొని, మూడింటికీ ఆమెనే అధ్యక్షురాలిని చేసింది. ఆ విధంగా ఆమె మళ్ళీ తన పాత పది గంటల బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నది.

అక్క ఇంకా అక్కడే ఉన్నది. ఉద్యోగ విరమణ అయి ఎనిమిదేళ్ళు గడిచినా, బల్ల దగ్గరి కుర్చీ ఆమెకే ఉంచారు. చెల్లెలికి ఇది కొండంత అండ అయింది. అక్క కూర్చునే చోటు తనకు సరిగ్గా ఎదురుగా. కనరు తగిలితే, మింగిన కాసేపటికి అక్క దవడ బిగిసి, ఎడమ కన్ను కొంచెం చిన్నదయ్యేది. చెల్లెలు ఆ కన్ను చూసి మార్కు వేసేది. మిగిలిన నలుగురి సంగతి ఏమిటంటే, వారు చీటీ రాసే ముందు మేడం కనుబొమల వైపు ఒకసారి చూసేవారు. ఆ సంగతి ఆమె కనిపెట్టలేదు. గొప్పవాళ్ళ ముఖం చూసి మాట్లాడడం అలవాటైన చోట, ఎవరు ఎవరిని చూస్తున్నారో కనిపెట్టడం అంత సులభం కాదు.

ఆ రోజు అక్క మోకాళ్ళు మరీ పట్టేసి ఉన్నాయి. తలుపు పక్కనున్న కుర్చీలోనే కూలబడింది. అది చెల్లెలి పక్క కుర్చీ. పళ్ళెంలో బడిపిల్లలకు పంపే బిస్కత్తులు వచ్చాయి. లారీలు గేటు దగ్గర వరుసగా నిలబడి ఉన్నాయి. చెల్లెలు నమిలింది, మింగింది, ఎదుటివారిని చూసింది. నలుగురి ముఖాలూ నిమ్మళంగా ఉన్నాయి. ఆ నలుగురూ ఆమె ముఖం చూశారు. అది ఇంకా నిమ్మళంగా ఉన్నది. తల తిప్పి పక్కనున్న అక్కను చూస్తే అందరూ గమనిస్తారు. ఎనిమిది అని రాసి చీటీ బోర్లించింది.

చీటీలు తిప్పారు. ఐదింటి మీద ఎనిమిది. అక్క చీటీ మీద రెండు.

"కనరు. పిల్లలకు పోయే సరుకు ఇది, ఆపండి," అన్నది అక్క.

నాణ్యతాధికారి ఇబ్బందిగా దగ్గి, "ల్యాబు రిపోర్టు రావడానికి రెండు రోజులు పడుతుందండీ. మేడం కూడా ఎనిమిది వేశారు కదా," అన్నాడు.

"మేడం వేస్తే నూనె బాగుపడుతుందా? ఒసే పొట్లం, మళ్ళీ నోట్లో వేసుకో. మింగాక ఇరవై లెక్కపెట్టు. లెక్క మరిచిపోయావా ఏం?"

అందరూ ఆమె వైపు చూశారు. మళ్ళీ నోట్లో వేసుకుంటే ఏమి తెలుస్తుంది? ఏమీ తెలియదని అందరి ఎదుటా తెలిసిపోతుంది. అక్క మాట నమ్మి ఆపితే, మరి ఎనిమిది ఎలా వేశావన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న వెనక ముప్పై ఎనిమిదేళ్ళు కట్టుకున్నదంతా ఉన్నది. ఆమె అక్క భుజం మీద చెయ్యి వేసి, ఎంతో మెత్తగా అన్నది:

"అక్కా, నీకు వయసు మీద పడింది. నాలుక కూడా అలిసిపోతుంది కదా. ఇక ఇంటి పట్టున ఉండు."

అక్క చెల్లెలి ముఖంలోకి కాసేపు చూసి, నీళ్ళ గ్లాసు పక్కకు జరిపి, గోడ పట్టుకొని లేచింది. లారీలు కదిలాయి.

ఇరవై రోజులకు ఒక చోటి బడుల నుండి వరుసగా కబుర్లు వచ్చాయి. వాంతులు, కడుపునొప్పి. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు కాని, రెండు వందల మందికి పైగా పిల్లలు మంచం పట్టారు. మిగిలిన సరుకును వెనక్కు రప్పించారు. బిస్కత్తులు చేసేనాటికే నూనె పాడైనదని ల్యాబు తేల్చింది. అయినా గోదాములో వేడి వల్ల సరుకు చెడిందని అధ్యక్షురాలు సంతకం పెట్టింది. సంగతి అక్క ఇంటి దాకా రాలేదు. ఆ ఆదివారం అక్కను చూడబోతే, అక్క మొట్టమొదట అడిగిన మాట అదే.

"ఆ బ్యాచి ఏమయిందే?"

"బాగానే పోయిందక్కా."

"పిల్లలెవరికీ ఏం కాలేదు కదా?"

"ఏం కాలేదు."

అక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. "అమ్మయ్య! ఆ రోజు నుంచి కునుకు లేదు నాకు. అయితే పాడైంది నా నాలుకేనన్న మాట. పోతే పోనీలే. పిల్లలు బాగున్నారు, అది చాలు."

ఆనాటి నుండి అక్క గరిటె పెదవుల దగ్గరే ఆగిపోయింది.

మూడేళ్ళపాటు చెల్లెలు ప్రతి ఆదివారమూ అక్క ఇంట భోంచేసింది. గరిటె ఆగడం, కోడలిని పిలవడం కళ్ళారా చూసింది. ఒక్క మాట చాలు, ఆ గరిటె మళ్ళీ నోటిలోకి పోతుంది. ఆ మాట గొంతు దాకా వచ్చేది. ఈ లోపల అక్క, "ఎలా ఉందే?" అని అడిగేది. "అమృతంలా ఉందక్కా," అని చెల్లెలు అనేది. చెప్పవలసిన మాట మరుసటి ఆదివారానికి వాయిదా పడేది.

ఆ మూడేళ్ళలో చివరి ఆదివారం నాటికి చెల్లెలికి అరవై నిండాయి. మరి నాలుగు రోజులలో మూడు కంపెనీలే గాక మొత్తం సంస్థకే ఆమెను అధిపతిగా ప్రకటించబోతున్నారు. కోడలు ఏదో కొనడానికి బజారుకు పోయింది. అక్క వంట ముగించి, చెల్లెలికి వడ్డించి, ఎదురుగా కూర్చుంది. కూర వైపు, చెల్లెలి వైపు మార్చి మార్చి చూసింది.

"ఎలా ఉంది?"

"అమృతం."

"నిజంగా?"

"నువ్వు చేస్తే ఎప్పుడు బాగుండలేదక్కా?" అంటూ చెల్లెలు రెండోసారి వడ్డించుకుంది. అక్క నిట్టూర్చి తానూ కలుపుకొని తినసాగింది.

అంతలో కోడలు వచ్చింది. ఆకలి మీద నిలబడే ఒక ముద్ద నోట్లో పెట్టుకొని, వెంటనే పెరటివైపు పరుగెత్తి ఉమ్మేసింది.

"అత్తయ్యా! ఆ మూల డబ్బాలో నూనె పోశారా? కనరెక్కిపోయింది, పారబొయ్యాలని పక్కన పెట్టానే! చిన్నత్తయ్యగారూ, మీరెలా తింటున్నారండీ?"

అక్క చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నాకు వాసన వచ్చింది. నూనె పోసేటప్పుడే వచ్చింది," అన్నది మెల్లగా. "నాలుక పోయిందాన్ని, నాకేం తెలుసులే అనుకున్నాను. పొట్లం తింది, బాగుందన్నది. అందుకని నేనూ తిన్నాను."

"చిన్నత్తయ్యగారు మొహమాటానికి అని ఉంటారు లెండి," అన్నది కోడలు.

అది తెరిచిపెట్టిన తలుపు. అవునన్న ఒక్క ముక్క చాలు, చెల్లెలు నవ్వుకుంటూ దాటి పోవచ్చు. ఆమె అక్క చేతి వైపు చూసింది. మోచేతి దిగువన మచ్చలు ముడతలలో కలిసిపోయి, ఏది ఐదో తరగతో, ఏది ఆరో తరగతో పోల్చుకోవడానికి వీలు లేకుండా ఉన్నాయి.

"మొహమాటం కాదు," అన్నది. "నాకు వాసన తెలియదక్కా. ఆరేళ్ళయింది."

అక్క ఎడమ చేతి బొటనవేలితో వేలి కణుపులు ఒక్కొక్కటే తాకుతూ పోయింది. అది ఏమిటో చెల్లెలికి తెలుసు. అక్క లెక్కపెడుతున్నది. ఇరవై అయ్యాక తలెత్తి అడిగింది:

"ఆ బ్యాచి?"

"నువ్వన్నదే నిజం."

"పిల్లలు?"

"వాంతులు చేసుకున్నారు. రెండు వందల మందికి పైనే. అందరూ కోలుకున్నారు."

"ఏం కాలేదన్నావు."

"అన్నాను."

అక్క కూరలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. కళ్ళు మూసుకుంది. "కనరే," అన్నది. "ముమ్మాటికీ కనరే." ఒక్క క్షణం ఆమె ముఖం వెలిగింది. ఎప్పుడో రేకు డబ్బా మీది పిల్ల పాత పెట్టె వాసన పట్టినప్పుడు వెలిగినట్లే. ఆ వెలుగు అంతే త్వరగా ఆరిపోయింది.

"మూడేళ్ళు... ఉప్పు చూడమని ఈ పిల్లను బతిమాలుకున్నానే. నీ కుర్చీ పోతుందని చెప్తే నేను అడ్డం పడేదాన్నా? నా చీటీ చూసి రాసుకోమనేదాన్ని."

అక్క గట్టు పట్టుకొని లేచి, కంచాలు తీసి, కూర అంతా పారబోసింది. అటు తిరిగి గిన్నె కడుగుతూ అన్నది:

"రావద్దని నేననను. తోడబుట్టినదానివి, వస్తావు. వచ్చినప్పుడు బాగుందని మాత్రం అనకు."

మరునాడు పది గంటలకు అధ్యక్షురాలు బల్ల దగ్గర కూర్చొని, పళ్ళెం ముట్టకుండానే సంగతి చెప్పింది. నాణ్యతాధికారి తెల్లబోయి, "మేమంతా మీ ముఖం చూసి వేశాం మేడం," అన్నాడు. "నేను మీ ముఖాలు చూసి వేశాను," అన్నది ఆమె. "మరి ఆ రోజు రుచి చూసిందెవరండీ?" అని అతడు అడిగాడు. ఆమె ఆ పాత బ్యాచి కాగితాలు తెప్పించి, గోదాము వేడి అన్న మాట కొట్టివేసి, జరిగినది రాసి, కింద సంతకం పెట్టింది. బోర్డు వారు ఆ కాగితం చదివి, ఆరోగ్య కారణాల వల్ల ఆమె తప్పుకుంటున్నదని ప్రకటించి, పూలగుత్తి ఇచ్చి పంపారు. అక్కను మళ్ళీ కుర్చీలో కూర్చోమని కబురు పంపితే, "మెట్లు ఎక్కలేను నాయనా," అని తిప్పి పంపింది.

ఇప్పుడు ఆ ఇంట్లో ఉప్పు అత్తగారే చూసుకుంటున్నది. ఆదివారాలు చెల్లెలు వస్తుంది. అక్క వడ్డిస్తుంది, ఇంకొంచెం వేసుకో అంటుంది, ఊరి సంగతులు చెప్తుంది. చెల్లెలి ఐదో ఏటి నుండి ప్రతి ముద్దకూ అడిగిన ఆ ఒక్క ప్రశ్న మాత్రం అడగదు. చెల్లెలు నములుతుంది, మింగుతుంది, అలవాటు చొప్పున ఇరవై దాకా లెక్కపెడుతుంది. ఏమీ రాదు. కంచం తీసుకొని లేస్తుంది.